ఆరు పంటలు

ముప్పై ఒక్క ఏళ్ళు లాకు తలుపులెత్తినవాణ్ణి.
లస్కరు గన్నియ్య అంటే
ముమ్మిడివరం దిగువన ఏ చేను ఏ రోజు తడుస్తుందో
కళ్ళు మూసుకుని చెబుతాడని పేరు.
అలాంటి నాకు
మొన్న బుధవారం ఒక కాగితం అర్థం కాలేదు.

తెల్ల కార్డు పోయినేడే తీసేశారు,
వేసవిలో కరెంటు లెక్క మించిందని.
అప్పట్నుంచీ మా ఇంట్లో
ఆస్పత్రి అన్న మాట ఎవరూ గట్టిగా అనలేదు.

హెప్సీబా వచ్చింది స్కూటీ మీద,
మా లోవకుమారితో పదో తరగతి చదివిన పిల్ల.
రెండు కరపత్రాలు అరుగు మీద పరిచి
గాలికెగరకుండా
మా ఆవిడ ఆరబెట్టిన చింతపండు ముద్ద పెట్టింది వాటి మీద.

"ఇది ఐదు లక్షలు, నలుగురికీ కలిపి. చవక.
ఇదైతే ఎవరిది వాళ్ళకే. ఖరీదు."

కలిపి అంటే?

"ఎవరికి అవసరమైతే వాళ్ళు వాడుకోవడమే బాబాయ్."

నాకు బోదె కనిపించింది.
ఎగువ చేలవాళ్ళు రాత్రికి రాత్రి గండి కొట్టుకుంటే
తెల్లారేసరికి చివరి మడిలో బురద పగిలి
ఎండ్రకాయ బొక్కలు నోళ్ళు తెరిచే బోదె.
ఎవరి అవసరం వాళ్ళది. ఎవరూ దొంగలు కారు.
నీళ్ళే ఒక్కటి.

మా ఇంట్లో ఎగువ చేను నూకరత్నం.
సుగరు, బీపీ, కుడి మోకాలు.
"ఏప్రిల్లో ఈవిడే అంతా తాగేస్తే,
డిసెంబర్లో మా అబ్బులు బండి మీంచి పడితే?"
హెప్సీబా పెన్ను మూత కొరుకుతూ ఆలోచించింది.
అప్పుడు నమ్మాను ఆ పిల్లని.
అడగ్గానే జవాబు చెప్పేవాళ్ళని
ఇరిగేషనాఫీసులో చాలామందిని చూశాను.

"ఇంకోటి బాబాయ్, గదికి రోజుకి నాలుగు వేలే.
అంతకు మించిన గదిలో దిగితే
డాక్టరు ఫీజు దగ్గర్నుంచీ కోత పడుద్ది."
"నేను వార్డులోనే పడుకుంటాలే,
పక్కన మనుషులుంటారు" అంది లోపల్నుంచి
పులుసులో గరిటె తిప్పుతూ.

"పిన్నీ, సుగరు ఎప్పట్నుంచి?"

గరిటె ఆగిపోయింది.

"లేదని రాసెయ్యమ్మా. ఎవడు చూడొచ్చాడు."

పెద్ద వరద వచ్చిన ఏడు
మా గట్టుకి ఒక ఎలక బొక్క ఉండేది.
తవ్వి పూడిస్తే తన బెండ మడి పోతుందని
ఒకాయన దాని మీద పచ్చగడ్డి పరిచాడు.
ఇంజనీరుకి కనపడలేదు.
గోదారికి కనపడింది.

"రాయమ్మా," అన్నాను, "ఎనిమిదేళ్ళు. మాత్రల పేర్లు కూడా రాయి."
మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి నా వంక చూసిన చూపు
ఏ కాగితంలోనూ రాయడానికి వీల్లేదు.

"ఉన్నది ఉన్నట్టు రాస్తే
సుగరు తెచ్చే జబ్బులకి మూడేళ్ళు ఆగాలి పిన్నీ.
మిగతావి ముందే వర్తిస్తాయి."

మూడేళ్ళు అంటే తనకి అందదు.
సార్వా ఒకటి, దాళ్వా ఒకటి,
వేళ్ళు మడిచి చూపించాను. ఆరు పంటలు.

"పంట చేలో ఉండగా నేను పోతే?"

హెప్సీబా చింతపండు ముద్ద అటూ ఇటూ జరిపింది.
నేను కాలవ వైపు చూశాను.

చివరికి తనది వేరే తూము.
మా ముగ్గురికీ కలిపి ఒక బోదె.
దాంతో చిన్న దూడ వెళ్ళిపోయింది,
తల్లి రెండు రాత్రులు అరిచింది,
నూకరత్నం నాతో మూడు రోజులు మాట్లాడలేదు.

నాలుగో సాయంత్రం టీ ఇచ్చింది.
తన గ్లాసు పక్కన పంచదార డబ్బా లేదు.
నేనడగలేదు, తను చెప్పలేదు.

బియ్యం డబ్బాలో, కవరులో, ఆ కాగితం.
నిన్ననే కాలవకి నీళ్ళు వదిలారు.
మొదటి సార్వా.
ఇంకా నారుమడి కూడా తడవలేదు.